తెలుసు మేడమ్, నోరు రాలేదు: సిమ్యులేషన్ ల్యాబ్‌లో ఒక స్టూడెంట్ కేసు

నేను ఒక నర్సింగ్ కాలేజీలో ఓబీజీ ట్యూటర్‌ని. ప్రసూతి నర్సింగ్ చెప్తా, హాస్పిటల్ పోస్టింగ్‌లకి పిల్లల్ని తీసుకెళ్తా, సిమ్యులేషన్ ల్యాబ్, అంటే నిజం పేషెంట్ బదులు బొమ్మల మీద ప్రాక్టీస్ చేసే గది, దాని తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా, ఎందుకంటే ఇందులో ఒక అమ్మాయి సమస్య ఎక్కడుందో మాకు అర్థం కావడానికే దాదాపు ఒక సెమిస్టర్ పట్టింది, అదీ మేం కనిపెట్టలేదు, ఎవరు కనిపెట్టారో తర్వాత చెప్తా. ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నా. పేరు మార్చా, ఊరు, కాలేజీ, హాస్పిటల్ ఏవీ చెప్పను, కొన్ని వివరాలు కావాలనే అటూ ఇటూ చేశా. ఆమెని ఇక్కడ సరిత అందాం.

ముందు సంగతి

మాది జిల్లా కేంద్రంలో ఉన్న కాలేజీ, బీఎస్సీ నర్సింగ్, బ్యాచ్‌కి 60 మంది. మా సొంత హాస్పిటల్‌లో కాన్పులు తక్కువ కాబట్టి ఓబీజీ పోస్టింగ్‌కి గవర్నమెంట్ హాస్పిటల్‌కి పంపిస్తాం, అక్కడ కేసులకి కొదవ ఉండదు, నేర్పే తీరికే ఎవరికీ ఉండదు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ మార్చి సెమిస్టర్ పద్ధతి తెచ్చాక స్కిల్ ల్యాబ్, సిమ్యులేషన్ గంటలు కచ్చితంగా చూపించాల్సి వచ్చింది. అప్పటిదాకా మా పెద్ద మానికిన్ ప్లాస్టిక్ కవర్ కప్పుకుని పడుకుని ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే మొహం చూపించేది. పిల్లలు దాన్ని డమ్మీ అంటారు, ఆ క్లాసుని డమ్మీ క్లాస్ అంటారు.

నాకు నిజంగా పనికొచ్చేది ఆ పెద్ద డమ్మీ కాదు, నడుముకి కట్టుకునే కాన్పు సిమ్యులేటర్. ఒక మనిషి దాన్ని కట్టుకుని మంచం మీద పడుకుంటే కాన్పు, మాయ రావడం, బ్లీడింగ్ అన్నీ చూపించొచ్చు. గర్భసంచి గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా, రక్తం ఎంత స్పీడుగా పోవాలా అనేది కట్టుకున్న మనిషి చేతిలోనే ఉంటుంది, కరెంటు కూడా అక్కర్లేదు. రక్తం మేమే చేసుకుంటాం, నీళ్లు, ఎర్ర ఫుడ్ కలర్, కాస్త కార్న్‌ఫ్లోర్. దాన్ని ఎప్పుడూ కట్టుకునేది మా ల్యాబ్ ఆయమ్మ. ముగ్గురు పిల్లల తల్లి, కాన్పు నొప్పులు ఎలా ఉంటాయో ఎవరూ నేర్పక్కర్లేదు, ఆవిడ మూలుగుతుంటే పక్క క్లాస్‌రూమ్ నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చిన రోజులున్నాయి.

సరిత పదో తరగతిదాకా తెలుగు మీడియం, తర్వాత ఇంటర్ బైపీసీ, అప్పటికి 6వ సెమిస్టర్‌లో ఉంది. థియరీలో మంచి మార్కులు. చేయి చాలా శుభ్రంగా ఉంటుంది, అంటే ప్రొసీజర్ చేస్తే చూడముచ్చటగా చేస్తుంది. మాట తక్కువ. "సైలెంట్ అమ్మాయి, మంచి అమ్మాయి" అని స్టాఫ్ రూమ్‌లో మేమే అనుకునేవాళ్లం. సైలెంట్ అనే మాట అక్కడ పొగడ్త కింద వాడేశాం, అది గుర్తుపెట్టుకోండి.

వార్డులో జరిగింది

పోస్ట్‌నేటల్ వార్డు, అంటే కాన్పైన తల్లులుండే వార్డు, మధ్యాహ్నం భోజనాల టైమ్. నార్మల్ డెలివరీ అయి గంటన్నర అయిన ఒక తల్లి దగ్గర సరిత ఉంది. ప్యాడ్ తడిసింది, మార్చింది. రెండోది కూడా చూస్తుండగానే తడిసింది. తల్లి వాళ్లమ్మ పక్కనే ఉండి "సిస్టరమ్మా, నెత్తురు ఎక్కువ పోతున్నట్టుంది కదమ్మా" అని అడిగింది కూడా. సరిత "ఏం కాదమ్మా, పర్వాలేదు" అని చెప్పి మూడో ప్యాడ్ పెట్టింది. స్టాఫ్ నర్స్ వార్డు అవతలి చివర కొత్త అడ్మిషన్ దగ్గర ఉంది, డ్యూటీ డాక్టర్ లేబర్ రూమ్‌లో. పావుగంట తర్వాత స్టాఫ్ నర్స్ ఇటొచ్చి చూసి పొట్ట మీద చెయ్యేస్తే గట్టిపడాల్సిన గర్భసంచి మెత్తగా పిండిముద్దలా ఉంది. వెంటనే మసాజ్, మూత్రం సంచి నిండిపోయి ఉంటే కేథటర్, గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ డ్రిప్, డాక్టర్‌కి కబురు. కంట్రోల్ అయింది, తల్లి బాగానే ఇంటికెళ్లింది. కానీ ఆ పావుగంట ఇంకో అరగంట అయ్యుంటే ఏమయ్యేదో ఓబీజీలో పనిచేసిన ఎవరికీ చెప్పక్కర్లేదు.

సాయంత్రం ఆ సిస్టర్ నాకు ఫోన్ చేసి "మేడమ్, మీ పిల్లకి పీపీహెచ్ అంటే తెలీదా?" అని అడిగింది. కాన్పు తర్వాత 500 మి.లీ. దాటి రక్తం పోతే పీపీహెచ్ అని సరిత పరీక్షలో రాసి ఫుల్ మార్కులు తెచ్చుకుంది, ఆ పేపర్ దిద్దింది నేనే. మర్నాడు పిలిచి ఎందుకు చెప్పలేదని అడిగా. ఏడ్చింది, "సారీ మేడమ్" అంది, అంతే. మళ్లీ అడిగా, మళ్లీ సారీ.

ఇక్కడ మా మొదటి నిర్ణయం. పుస్తకంలో చదివింది వార్డులో గుర్తుపట్టలేకపోయింది అనుకున్నాం, అంటే సమస్య గుర్తుపట్టడంలో ఉంది. అలా ఎందుకు అనుకున్నామంటే, స్టూడెంట్లు తెలిసీ ఊరుకుంటారనే ఆలోచనే మాకు రాలేదు, పైగా బ్లీడింగ్‌ని కంటితో చూసి అంచనా వేస్తే అనుభవం ఉన్నవాళ్లే తక్కువ చెప్తారు కాబట్టి ఆ వివరణ మాకు సరిగ్గా సరిపోయింది.

మొదట చేసింది: స్కిల్ ల్యాబ్‌లో రుద్దించడం

రెండు వారాలు రోజూ సాయంత్రం ల్యాబ్. ఫండస్, అంటే గర్భసంచి పైభాగం, ఎక్కడుంది, గట్టిగా ఉందా లేదా, ప్యాడ్ తూకం వేసి లెక్కకట్టడం, ఒక గ్రాము అంటే దాదాపు ఒక మి.లీ., బీపీ పడేదాకా ఆగొద్దు పల్స్ ముందే పెరుగుతుంది, ఇవన్నీ. వంద మి.లీ., మూడొందలు, ఐదొందలు, వెయ్యి ఇలా ఎర్రనీళ్లు ప్యాడ్‌ల మీద, దుప్పటి మీద పోసి చెప్పమంటే క్లాసులో అందరికన్నా దగ్గరగా చెప్పింది. చెక్‌లిస్ట్ మొత్తం టిక్కులే. మాకు సంతోషం, పంపించేశాం మళ్లీ వార్డుకి.

వారంలోపే ఇంకొకటి. సిజేరియన్ అయిన ఒక తల్లికి బీపీ 90/60కి పడింది, పల్స్ 118కి పెరిగింది. సరిత చూసింది, చార్ట్‌లో అక్షరాలు ముత్యాల్లా రాసింది, టైమ్ కూడా వేసింది, ఎవరికీ చెప్పలేదు. నేను రౌండ్‌కి వెళ్లినప్పుడు చార్ట్ తిరగేస్తే కనిపించింది. డ్రిప్ స్పీడ్ పెంచి డాక్టర్‌ని పిలిచాం, పెద్ద సమస్య ఏమీ అవలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే తెలియాలి నాకు. గుర్తుపట్టలేని పిల్ల పల్స్ 118 కింద ఎర్ర పెన్నుతో గీత గీయదు కదా, ఆ గీత నేను చూశా, చూసి కూడా "కేర్‌లెస్" అనుకున్నా. కళ్ల ముందు ఉన్న సాక్ష్యాన్ని మన దగ్గర అప్పటికే ఉన్న అభిప్రాయంలోకి ఎంత బాగా ఇరికించేస్తామో.

రెండోది: అందరి ముందు సిమ్యులేషన్

అప్పుడు మా కోఆర్డినేటర్ అన్నారు, స్కిల్ వేరు, సిట్యుయేషన్ వేరు, పూర్తి సీనారియో చేయిద్దాం, కాన్ఫిడెన్స్ వస్తుందని. ఆలోచన సరైనదే. చేసిన తీరు చెప్తా వినండి. 20 మంది స్టూడెంట్లు గోడవారగా నిలబడి చూస్తున్నారు. సరితకి ముందు ఏమీ చెప్పలేదు, "సర్‌ప్రైజ్ ఉండాలి కదా, వార్డులో ఎవరికైనా చెప్పి వస్తుందా బ్లీడింగ్" అని మేమే అనుకున్నాం. ఒకమ్మాయి ఫోన్‌లో వీడియో తీస్తోంది. నేను చేతిలో చెక్‌లిస్ట్ పట్టుకుని కాళ్ల దగ్గరే నిలబడ్డా. ఆయమ్మ మంచం మీద, ఎర్రనీళ్లు కారడం మొదలైంది. సరిత ఫండస్ మీద చెయ్యేసింది, మసాజ్ మొదలుపెట్టింది, తర్వాత నా మొహం చూసింది, ఆగిపోయింది. నేను ఊరుకోకుండా "నెక్స్ట్ ఏంటి? నెక్స్ట్ ఏంటి?" అన్నా. నాలుగు నిమిషాలు అలా నిలబడింది. మధ్యలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత డిబ్రీఫింగ్, అంటే జరిగినదాని గురించి కూర్చుని మాట్లాడుకోవడం, ఆ పేరుతో 20 నిమిషాల్లో 15 నిమిషాలు నేనే మాట్లాడా, అదీ ఇంగ్లిష్‌లో, ఏమేం మిస్ అయిందో వరసగా చదివా. చివర్లో "ఎనీ డౌట్స్?" అంటే "నో మేడమ్".

మర్నాడు జ్వరం అని హాస్టల్‌లోనే ఉండిపోయింది. జ్వరం లేదని వార్డెన్ చెప్పింది.

ఇదే రోజు ప్రవీణ అనుకుందాం, ఇంకో అమ్మాయి కూడా చేసింది. గలగలా మాట్లాడుతుంది, గబగబా చేసేసింది, క్లాసంతా చప్పట్లు. సిమ్యులేషన్ తర్వాత 13 ప్రశ్నల ఫామ్ ఒకటి నింపిస్తాం, 5 తృప్తి గురించి, 8 కాన్ఫిడెన్స్ గురించి, నర్సింగ్ సిమ్యులేషన్‌లో చాలా చోట్ల వాడేదే. ప్రవీణ అన్నిటికీ ఐదుకి ఐదు వేసుకుంది. సరిత మొదటి ల్యాబ్ తర్వాత మూళ్లు వేసింది, ఈసారి ఒకట్లు, రెళ్లు. అంటే కాన్ఫిడెన్స్ పెంచడానికి చేసిన పనితో ఉన్నది కాస్తా తీసేశాం. ప్రవీణ సంగతి మళ్లీ వస్తుంది, ఆ ఐదులు ఎంత ఖరీదో.

మధ్యలో చిన్న కౌన్సెలింగ్ కూడా జరిగింది. కూర్చోబెట్టి "ధైర్యంగా ఉండమ్మా, నీకేం తక్కువ, నువ్వు చేయగలవు" అని అరగంట. పాపం తలూపింది. ఒక పని నేను చేయగలను అనే నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో ఆల్బర్ట్ బాండూరా 1977లోనే నాలుగు దారులు చెప్పారు, స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేయగా చూడటం, ఇతరులు చెప్పడం, ఒంట్లో గుండెదడ లాంటివి ఎలా ఉన్నాయో అనేది. వీటిలో అన్నిటికన్నా బలమైంది మొదటిది. నేను ఈ పాఠం ఎడ్యుకేషన్ పేపర్‌లో ప్రతి ఏడూ చెప్తా, తీరా నా స్టూడెంట్ దగ్గరకొచ్చేసరికి మాటలతో సరిపెట్టా.

ఆయమ్మ అడిగిన ప్రశ్న

తర్వాతి వారం ల్యాబ్ కడిగే డ్యూటీ సరిత గ్రూప్‌ది. మిగతావాళ్లు వెళ్లిపోయారు, సరిత, ఆయమ్మ ఇద్దరే ఎర్రమరకలు తుడుస్తున్నారు, నేను పక్క గదిలో స్టాక్ రిజిస్టర్ రాసుకుంటున్నా. ఆయమ్మ అడిగింది, "ఏమ్మాయ్, నాకు అంత నెత్తురు పోతుంటే చూస్తా నిలబడ్డావేంటే?"

సరిత నవ్వింది ముందు. తర్వాత గడగడా చెప్పింది. చూశాను ఆయమ్మా, అప్పుడే చూశాను, వార్డులో కూడా రెండో ప్యాడ్‌కే తెలిసిపోయింది. డాక్టర్‌కి ఇంగ్లిష్‌లో చెప్పాలి కదా, ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను, సగం కూర్చేసరికి మర్చిపోతున్నాను. మొన్న మా ఫ్రెండ్ ఫోన్ చేస్తే "హూ ఆర్ యూ? స్టాఫ్‌కి ఇవ్వు" అని పెట్టేశారు. అయినా నేను చెప్పాక వచ్చి చూసి ఏం లేదంటే? అంతమంది ముందు పరువు పోదా?

రిజిస్టర్ పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయా. నేను రెండుసార్లు అడిగా, నాకు సారీ తప్ప ఏం రాలేదు. ఆయమ్మ ఒక్కసారి అడిగితే మొత్తం వచ్చింది. తేడా ఏంటంటే ఆవిడ తెలుగులో అడిగింది, ఆవిడ చేతిలో మార్కులు లేవు, ఆవిడకి నిజంగా జవాబు కావాలి. నేను అడిగినప్పుడు నా దగ్గర జవాబు ముందే ఉంది, ఆమె ఒప్పుకుంటే చాలు అన్నట్టు అడిగా.

అంటే చేతిలో భయం లేదు, కంట్లో లేదు, నోట్లో ఉంది. అది కూడా మూడు ముక్కలు: ఇంగ్లిష్, నేను స్టూడెంట్‌ని అనే సంగతి, పొరపాటు కబురు అవుతుందేమో అనే సిగ్గు. మా సీనారియోలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మా ల్యాబ్‌లో ఫోనే లేదు! చెక్‌లిస్ట్‌లో "ఇన్‌ఫామ్ ద డాక్టర్" అని ఒక గడి ఉంది, స్టూడెంట్ గాల్లోకి చూసి "ఐ విల్ ఇన్‌ఫామ్ ద డాక్టర్" అంటే మేం టిక్ కొట్టేస్తాం.

మళ్లీ కట్టిన సీనారియో

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాస్ పెట్టిద్దామని ఒక సలహా వచ్చింది. వద్దన్నా, అవసరం లేదని కాదు, దానికి నెలలు పడతాయి, ఈలోపు ఆమె వార్డులోనే ఉంటుంది. ముందు హాస్పిటల్‌కి వెళ్లి నర్సింగ్ ఇన్‌ఛార్జ్‌ని అడిగా, అసలు మా స్టూడెంట్ ఏదైనా చూస్తే ఎవరికి చెప్పాలి అని. ఆవిడ వింతగా చూసి "నాకు చెప్పాలి, లేదంటే డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి చెప్పాలి, డాక్టర్‌కి మేం చెప్తాం, మేం దగ్గర్లో లేకపోతేనే ఫోన్" అంది. అంటే ఆ రోజు సరిత చెప్పాల్సిన వాక్యం "సిస్టర్, 4వ బెడ్ అమ్మకి బ్లీడింగ్ ఎక్కువగా ఉంది, గర్భసంచి మెత్తగా ఉంది, ఇప్పుడే రండి". పూర్తిగా తెలుగు. అవసరమే లేని ఇంగ్లిష్ వాక్యం కోసం పావుగంట పోయింది. ఈ సంగతి ఆమెకి తెలీదు, ఎందుకంటే మేం ఎప్పుడూ చెప్పలేదు, మాకే స్పష్టంగా తెలీదు.

గ్రూప్ నలుగురికి తగ్గించా. చూసేవాళ్లు లేరు, వీడియో లేదు, మార్కులు లేవు. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు అన్నీ చెప్పేశా, ఈమె కాన్పై గంటైన తల్లి, ఈ బల్ల మీద ఫోన్ ఉంది, ఎత్తితే పక్క గదిలో మోగుతుంది, నిజంగా మనిషి మాట్లాడతారు, మధ్యలో నేను రాను, ఇక్కడ జరిగింది ఈ గది దాటదు. ముందే చెప్పేస్తే ఇంకేం ఉంటుంది అని మా కోఆర్డినేటర్‌కి అనుమానం. నా వాదన ఏంటంటే, గది ఎలా ఉంటుంది, రూల్స్ ఏంటి అనే భయం పోతేనే అసలు భయం పని మీదకి వస్తుంది, మేం చూడాల్సింది దాన్నే.

వార్డులో కంప్లైంట్ చేసిన ఆ సిస్టర్‌నే బతిమాలి రెండు సాయంత్రాలు ల్యాబ్‌కి రప్పించా, తన పాత్ర తనే వేసింది. మొదటి రౌండ్‌లో పిలవగానే వస్తుంది. రెండో రౌండ్‌లో "ఆగు, పనిలో ఉన్నా" అంటుంది, అప్పుడు ఊరుకోకుండా ఇంకోసారి, కాస్త గట్టిగా చెప్పాలి, రెండుసార్లు చెప్పినా వినకపోతే పైవాళ్లకి చెప్పాలి, విమానాల కాక్‌పిట్‌లో నేర్పే పద్ధతే ఇది. మూడో రౌండ్ ఫోన్. అవతల మా కొలీగ్ ఒకాయన విసుగు డాక్టర్‌గా, కావాలని మధ్యలో అడ్డుపడతాడు. ఫోన్‌కి ఎస్‌బార్ అనే నాలుగు ముక్కల పద్ధతి వాడాం, ఇప్పుడు ఏం జరుగుతోంది, ముందు సంగతేంటి, నాకు ఏమనిపిస్తోంది, మీరు ఏం చేయాలి. వాక్యాలు వాళ్లనే రాసుకోమన్నా, "సార్, పోస్ట్‌నేటల్ 4వ బెడ్, బ్లీడింగ్ ఎక్కువుంది, యుటెరస్ సాఫ్ట్, పల్స్ 120, మసాజ్ చేస్తున్నాం, మీరు వెంటనే రావాలి", ఇలా తెలుగు ఇంగ్లిష్ కలిపి, వార్డులో డాక్టర్లు మాట్లాడేది కూడా ఆ భాషే కదా.

నాలుగో రౌండ్ గురించి విడిగా చెప్పాలి. అందులో ఏమీ ఉండదు. ప్యాడ్ మీద రక్తం కనిపిస్తుంది కానీ మామూలే, గర్భసంచి గట్టిగా ఉంది, పల్స్ బాగుంది. స్టూడెంట్‌కి అనుమానం వచ్చి పిలుస్తుంది, సిస్టర్ వస్తుంది, చూస్తుంది, "బాగానే ఉంది, అనుమానం వస్తే ఇలాగే పిలువు" అని వెళ్లిపోతుంది. అంతే సీనారియో. నేను చూసిన సిమ్యులేషన్లన్నిటిలో డమ్మీ చచ్చిపోబోతూ ఉంటుంది, తప్పుడు అలారం ఎక్కడా ఉండదు, దానివల్ల పిల్లలకి తెలీకుండానే ఒకటి ఎక్కేస్తుంది, పిలిస్తే పెద్ద సంగతే అయ్యుండాలి అని. సరిత భుజాలు కిందికి దిగింది ఆ రౌండ్‌లోనే. సిస్టర్ వెళ్లిపోయాక "అంతేనా మేడమ్?" అంది.

డిబ్రీఫింగ్ తెలుగులో. నాకు నేను పెట్టుకున్న రూల్, ప్రశ్న అడిగి మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు తెరవకూడదు. అడిగే తీరు కూడా మార్చా. "ఎందుకు పిలవలేదు" అని కాకుండా, "ప్యాడ్ చూశాక నిమిషంపాటు నువ్వు అక్కడే ఉన్నావు, నాకైతే పిలిస్తే బాగుండు అనిపించింది, ఆ నిమిషం నీ మనసులో ఏం నడుస్తోంది?" అని. నేను చూసింది చెప్పి, నాకు అనిపించింది చెప్పి, తర్వాత ఆమెది అడగడం. డిబ్రీఫింగ్ అయిన వెంటనే అదే సీనారియో మళ్లీ చేయించేవాళ్లం, ఇంకో రోజుకి వాయిదా వేయకుండా, ఎందుకంటే ఇంటికి తీసుకెళ్లేది గెలిచిన రౌండ్ అవ్వాలి గానీ ఓడిన రౌండ్ కాకూడదు. రెండుసార్లు కుదరకపోతే సీనారియో చిన్నది చేయాలి తప్ప రెండోసారి మానకూడదు.

అన్నీ సాఫీగా జరగలేదు. మూడో సాయంత్రం ప్రిన్సిపల్ గారు బాగుందట చూద్దామని వచ్చి కుర్చీ వేసుకున్నారు, సరిత మళ్లీ మొదటి రోజులా అయిపోయింది. మర్యాదగా ఆ రోజు ఆపేశా, కారణం తర్వాత ఆయనకి చెప్పా, అర్థం చేసుకున్నారు. ఫోన్ రౌండ్‌లో మాత్రం చివరిదాకా తడబడుతూనే ఉంది.

వార్డుకి తిరిగి

మొదటి మూడు రోజులు నేను అదే వార్డులో ఉన్నా, పక్కన నిలబడకుండా, కనిపించేంత దూరంలో. రెండో రోజు ఒక తల్లి వణుకుతోందని సిస్టర్‌ని పిలిచింది. కాన్పయ్యాక వచ్చే మామూలు వణుకే, దుప్పటి కప్పి వెళ్లిపోయింది సిస్టర్. సరిత నా వైపు చూసింది, నేను ఇంకెటో చూశా. వారం తర్వాత ఇంకో తల్లికి ఫండస్ బొడ్డు పైకి, కుడి పక్కకి జరిగి ఉంది, మెత్తబడుతోంది, మూత్రం పోసి చాలాసేపైంది. నిమిషంలో పిలిచింది, పిలుస్తూనే మసాజ్ మొదలుపెట్టింది. బ్లాడర్ ఖాళీ చేయగానే గట్టిపడింది. ఆ సిస్టర్ ఈసారి ఫోన్ చేయలేదు నాకు, కంప్లైంట్ ఉంటేనే కదా ఫోన్లు.

13 ప్రశ్నల ఫామ్ మళ్లీ ఇచ్చా. చాలావాటికి మూళ్లే వేసింది! ముందు నిరాశ పడ్డా, తర్వాత ఆలోచిస్తే ఆ మూడు నిజాయితీగా ఉంది. అప్పటి నుంచి ఫామ్‌తోపాటు స్టాప్‌వాచ్ కూడా పెడుతున్నా, కంటికి కనిపించిన క్షణం నుంచి నోటితో చెప్పేదాకా ఎన్ని సెకన్లు. సరిత మొదట్లో నాలుగు నిమిషాలు నిలబడింది, చివరి రౌండ్‌లో అర నిమిషంలోపే. ఫామ్‌లో మాత్రం మొదటి ల్యాబ్ నాటి మూళ్ల దగ్గరే ఉంది.

ప్రవీణ దగ్గర ఇది తలకిందులు. అదే సీనారియోలో తల్లి బీపీ 150/100 అని చార్ట్‌లో పెట్టి ఇచ్చా. గబగబా మసాజ్, ఆక్సిటోసిన్, తర్వాత ఎవరినీ అడక్కుండా బ్లీడింగ్ ఆపే ఇంకో ఇంజెక్షన్ మెథర్జిన్ లోడ్ చేసేసింది. బీపీ ఎక్కువున్నవాళ్లకి మెథర్జిన్ ఇవ్వకూడదు. ఆపాలా వద్దా అని ఒక్క క్షణం ఊగా, ఇది డమ్మీ, ఇక్కడ జరగనివ్వకపోతే ఇంకెక్కడ అని ఊరుకున్నా. ఇంజెక్షన్ చేసింది, మానిటర్‌లో బీపీ 180/120కి ఎక్కించా. సిరంజి చేతిలో పట్టుకుని చార్ట్ వైపు చూసింది, ఆ మొహం మర్చిపోలేను. ఆ రోజు ఫామ్‌లో మొదటిసారి రెండు మూళ్లు వచ్చాయి, ఆ అమ్మాయి విషయంలో నాకు కావాల్సింది ఆ మూళ్లే. కాన్ఫిడెన్స్ పెరిగితే సిమ్యులేషన్ సక్సెస్ అని రిపోర్టుల్లో రాస్తుంటాం కదా, ఒకే బ్యాచ్‌లో ఒకరికి పెరగాలి, ఒకరికి తగ్గాలి, సగటు తీస్తే ఏమీ జరగనట్టు కనిపిస్తుంది.

ఒక్క మాట, ఎవరైనా అడుగుతారని. అమెరికాలో నర్సింగ్ బోర్డుల కౌన్సిల్ వాళ్లు 2014లో ఒక పెద్ద స్టడీ బయటపెట్టారు, క్లినికల్ గంటల్లో సగందాకా సిమ్యులేషన్‌తో మార్చినా స్టూడెంట్ల తయారీలో తేడా రాలేదని. మా మీటింగ్‌లో దాన్ని చూపించి పోస్టింగ్‌లు తగ్గిద్దామన్నారు ఒకరు. ఆ స్టడీలో డిబ్రీఫింగ్ చేసినవాళ్లకి ఒకే పద్ధతిలో ట్రైనింగ్ ఇచ్చారు, 20 మంది ముందు "నెక్స్ట్ ఏంటి" అని అరిచిన నాలాంటి ట్యూటర్‌తో చేసిన స్టడీ కాదది అన్నా. నవ్వి వదిలేశారు, పోస్టింగ్‌లు మాత్రం తగ్గలేదు.

టైమ్ లెక్క ఇప్పటికీ తేలలేదు. నలుగురి చొప్పున 60 మందికి 15 గ్రూపులు, ఒక్కో గ్రూపుకి ఒక సాయంత్రంలో గంటన్నర పడుతుంది, అన్ని రౌండ్లూ అవ్వాలంటే మూడు నాలుగు సాయంత్రాలు. ఇద్దరు ట్యూటర్లం. ఈ ఏడాది నాలుగు రౌండ్లలో రెండే అందరికీ చేయించగలిగాం, పిలిస్తే "ఆగు" అనేది ఒకటి, తప్పుడు అలారం ఒకటి. ఫోన్ రౌండ్ అవసరమనిపించినవాళ్లకే. ఎవరికి అవసరమో కనిపెట్టే పని అనధికారికంగా ఆయమ్మకి అప్పగించా, ల్యాబ్ కడిగేటప్పుడు ఆవిడే కబుర్లలో పెడుతుంది, పేర్లు, ఎవరేం అన్నారో నాకు చెప్పొద్దు, "ఫలానా గ్రూపుకి ఫోన్ పెట్టండి మేడమ్" అంటే చాలు అనేది మా ఒప్పందం.

సరిత ఇప్పుడు 8వ సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో ఉంది. పోయిన నెలలో రాత్రి డ్యూటీలో సిస్టర్ లేబర్ రూమ్‌లో ఇరుక్కుపోయినప్పుడు ఒక తల్లికి బ్లీడింగ్ మొదలైతే డాక్టర్‌కి తనే ఫోన్ చేసిందట. బెడ్ నంబర్, బ్లీడింగ్, పల్స్ దాకా చెప్పేసరికి అవతల నుంచి "వస్తున్నా" అని పెట్టేశారట. తల్లికి ఏమైందని అడిగితే బాగుంది మేడమ్ అని ఒక్క ముక్కలో తేల్చేసి, "కానీ నా లాస్ట్ లైన్ చెప్పనే లేదు మేడమ్, ప్రాక్టీస్ చేసింది అదే" అని పది నిమిషాలు బాధపడింది.